రసం పండుకు మూడు రోజులు: కోనసీమ పెరటి మామిడిలో దింపు, మాగుడు, వినియోగం

గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ విస్తరించిన కొత్తపేట మండలంలో మామిడి ప్రధాన పంట కాదు. కొబ్బరి, అరటి, వరి ఇక్కడి రైతు ఆదాయానికి ఆధారాలు. పలివెల, వానపల్లి, అవిడి వంటి గ్రామాల్లో మామిడి తోటగా కనిపించడం అరుదు; పెరటిలోనో, పశువుల పాక పక్కనో, కొబ్బరి తోట గట్టుపైనో ఒకటి రెండు చెట్లుగా కనిపిస్తుంది. ఆ చెట్లు ఏ విస్తీర్ణపు లెక్కలోనూ సరిగా చేరవు. అయినా మే నెల వచ్చేసరికి ఇంటి భోజనం, బంధువుల రాకపోకలు, పిల్లల సెలవులు అన్నీ ఆ చెట్టు కాపు చుట్టూనే తిరుగుతాయి. ఇటువంటి చెట్లలో అధికభాగం రసం రకాలు: పెద్దరసం, చిన్నరసం, చెరుకురసం, పంచదార కలశ, కొత్తపల్లి కొబ్బరి. పేరు తెలియని నాటు రసాలు కూడా వీటిలో కలిసి ఉంటాయి.

ఈ పండ్లలో ఎన్నో ప్రతి ఏటా తినేవారి చేతికి అందకుండానే చెడిపోతున్నాయి. కొన్ని గడ్డిలోనే కుళ్ళిపోతాయి, కొన్ని గంపలో మెత్తబడి పులుస్తాయి, కొన్ని పంచిపెట్టేవారు లేక పశువుల కుడితి తొట్టిలోకి పోతాయి. దీనికి మనం సాధారణంగా చెప్పే కారణం ఒక్కటే: రసం రకాలకు నిల్వ సామర్థ్యం తక్కువ. ఈ సమాధానం అబద్ధం కాదు, కాని చాలా అసంపూర్ణమైనది. ఇంటి చెట్టు నుంచి ఇంటి విస్తరిలోకి నడిచే దూరం మాత్రమే ఉన్న పండుకు నెల రోజుల నిల్వ సామర్థ్యం అవసరం లేదు. దానికి కావలసింది వరుస. ఏ కాయ ఏ రోజున దిగాలి, ఏది ఏ రోజున తినాలి అనే క్రమం ఉంటే మూడు రోజుల ఆయుష్షు గల పండు కూడా ఆరు వారాల పాటు ఇంట్లో ఉంటుంది. నష్టానికి మూలం పండు స్వభావంలో కంటే మనం దాన్ని చెట్టు నుంచి దించే విధానంలోనే ఎక్కువగా ఉంది.

మామిడిని మన ప్రాంతంలో కోత రకాలు, రసం రకాలు అని రెండుగా విభజించి చెప్పుకోవడం ఉంది. బంగినపల్లి కోత రకాలకు ప్రతినిధి. దాని గుజ్జు గట్టిగా, పీచు లేకుండా ఉంటుంది. ముక్కలుగా కోయవచ్చు, పెట్టెలో పేర్చి దూరప్రాంతాలకు పంపవచ్చు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. మామిడిపై జరిగిన కోతానంతర పరిశోధనలో పెద్ద భాగం ఇటువంటి ప్రయాణించగల పండ్ల కోసమే జరిగింది. 2007లో అమెరికాకు భారతీయ మామిడి ఎగుమతి తిరిగి మొదలైనప్పుడు పండ్లను కనీసం 400 గ్రే మోతాదులో వికిరణానికి గురిచేయాలన్న నిబంధన కోసం ప్రత్యేక కేంద్రాలే వెలిశాయి. చిత్తూరు ప్రాంతపు గుజ్జు పరిశ్రమ తోతాపురిపై నిలబడింది. రసం పండుకు ఈ రెండు దారులూ మూసుకుపోయాయి. పలుచని తొక్క, పీచులో నిండిన రసం, పక్వమైన వెంటనే మెత్తబడే కణజాలం, ఇవన్నీ తినేవారికి గుణాలు, వ్యాపారికి దోషాలు. వ్యాపారి దృష్టిలో దోషమైనదాన్ని శాస్త్రం కూడా దోషంగానే నమోదు చేయడం వల్ల రసం రకాలపై విస్తరణ సలహా కరువైంది.

ఒకే రోజు దింపు

చెట్టు మీద కాయలన్నీ ఒకేసారి పక్వానికి రావు. మామిడి పూత ఒక్క విడతలో రాదు. రెండు, మూడు విడతలుగా వచ్చిన పూత వల్ల ఒకే చెట్టుపై పిందెల వయసులో వారాల తేడా ఉంటుంది. దీనికి తోడు ఎండ తగిలే పైకొమ్మల కాయలు, లోపలి నీడలోని కాయల కంటే ముందుగా ముదురుతాయి. ప్రకృతి సహజంగా ఇచ్చిన ఈ వ్యవధిని వెనుకటి తరం చక్కగా వాడుకునేది. ఇంట్లో ఎవరో ఒకరు దోటితోనో, చిక్కంతోనో రెండు మూడు రోజులకొకసారి ముదిరిన కాయలను మాత్రమే ఎంచి దించేవారు. ఒక గంప మాగుతుండగా మరో గంప తింటుండేవారు.

ఇప్పుడు ఈ పద్ధతి చాలా ఇళ్ళలో లేదు. చెట్లు ఎత్తుగా పెరిగాయి. వాటిని ఎక్కేవారు తగ్గారు. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుల కొరత అందరికీ తెలిసినదే. అదే కొరత మామిడి చెట్టుకూ ఉంది, కాకపోతే దాన్ని ఎవరూ సమస్యగా లెక్కించరు. దింపేవారు దొరికిన రోజునే చెట్టంతా దులిపేయవలసి వస్తుంది. కాపును ముందే గుత్తకు ఇచ్చిన చోట పరిస్థితి ఇంకా కఠినం. గుత్తదారు ధర ఉన్న రోజును చూస్తాడు గాని కాయ వయసును చూడడు. ఏ విధంగా జరిగినా ఫలితం ఒకటే. ఒకే రోజున ముదురు, లేత కాయలు కలిసి ఇంటికి వస్తాయి. ముదురు కాయలు ఐదారు రోజుల్లో ఒక్కసారిగా పండుతాయి. నలుగురున్న ఇల్లు రెండు వందల పండ్లను మూడు రోజుల్లో తినలేదు. లేత కాయలు పండకుండా ముడతలు పడి, పుల్లగా, చప్పగా మిగులుతాయి. రసాలకు పూర్వపు రుచి లేదన్న మాట తరచు వింటుంటాం. ఆ మాటలో కొంత భాగం జ్ఞాపకాల తీపి కావచ్చు, కొంత భాగం మాత్రం నిస్సందేహంగా ముదరని కాయ దింపిన ఫలితం.

కనుక విస్తరణ శాస్త్రవేత్త పెరటి మామిడి గురించి మొదట అడగవలసిన ప్రశ్న నిల్వ గురించి కాదు: ఈ చెట్టును ఎన్ని విడతలుగా దించుతున్నారు? వారం, పది రోజుల ఎడంతో నాలుగు విడతలుగా దించగలిగితే ఏ రసాయనమూ, ఏ యంత్రమూ లేకుండానే సమస్యలో సగం తీరుతుంది. ఒక వీధిలోని నాలుగైదు ఇళ్ళవారు కలిసి ఒక దింపు మనిషిని వారానికి ఒక పూట కుదుర్చుకుంటే అతనికీ పూట పని నిండుతుంది, ఇళ్ళకూ విడతల దింపు సాధ్యమవుతుంది. ఇది చెప్పడానికి చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. మన ప్రదర్శన క్షేత్రాల్లో ఇటువంటి చిన్న విషయాలకు చోటు తక్కువ.

ముదురు కాయ గుర్తులు

మామిడి కోత తరువాత పండే స్వభావం గలది. కాయ చెట్టు మీద ఉండగా గంజి పదార్థాన్ని కూడబెట్టుకుంటుంది. దించిన తరువాత ఇథిలీన్ ఉత్పత్తి, శ్వాసక్రియ ఒక్కసారిగా పెరిగి ఆ గంజి చక్కెరలుగా మారుతుంది, ఆమ్లాలు తగ్గుతాయి, కెరోటిన్ వర్ణకాలు పెరుగుతాయి, కణకుడ్యాల్లోని పెక్టిన్ కరిగి గుజ్జు మెత్తబడుతుంది. ఈ క్రమంలో గుర్తుంచుకోవలసినది ఒకటుంది. దించిన తరువాత కాయకు కొత్తగా గంజి చేరదు. లేత కాయలో లేని తీపిని ఏ గడ్డీ, ఏ వాయువూ తెచ్చి పెట్టలేవు.

పిందె కట్టిన నాటి నుంచి మూడు, నాలుగు నెలలకు రసం రకాలు ముదురుతాయి. రోజుల లెక్క మార్గదర్శకమే తప్ప తుది నిర్ణయం కాదు, ఎందుకంటే విడతల పూతలో ఏ కాయ ఏ విడతదో ఇంటివారు గుర్తు పెట్టుకోరు. కంటికి కనిపించే గుర్తులు మేలు. ముచ్చిక చుట్టూ భుజాలు లేచి, ముచ్చిక చిన్న గుంటలో దిగినట్లు కనిపించాలి. తొక్కపై ముదురాకుపచ్చ తగ్గి లేతరంగు తిరగాలి. ఒక కాయను కోసి చూస్తే టెంక గట్టిపడి, లోపలి గుజ్జు తెలుపు వీడి లేతపసుపు రావాలి. చెట్టు మీదే పండి ఒకటి రెండు పండ్లు రాలడం మొదలైతే ఆ విడత సిద్ధమైనట్లు పల్లెల్లో గుర్తిస్తారు. ఈ గుర్తు శాస్త్రీయంగానూ సరైనదే. అయితే ఈగ పోటు వల్ల, గాలివాన వల్ల రాలిన కాయలను చూసి భ్రమపడకూడదు.

దించిన కాయలను నీటి తొట్టిలో వేసి చూడడం మరో సులభమైన పరీక్ష. ముదిరిన కాయ విశిష్ట సాంద్రత ఒకటికి మించి ఉంటుంది కాబట్టి మునుగుతుంది; లేత కాయ తేలుతుంది. తేలిన వాటిని మాగవేయకుండా పులిహోరకో, పప్పుకో, ఒరుగులకో కేటాయించడం ఉత్తమం. కొత్తపల్లి కొబ్బరి విషయంలో ఈ విభజన మరీ అనుకూలం, ఎందుకంటే ఆ కాయ ఆవకాయకు కూడా ప్రసిద్ధమైనది. తేలిన కాయ వృథా అయినట్లు కాదు.

సొన

మామిడి నష్టంలో కంటికి తొందరగా కనిపించకుండా, వారం తరువాత బయటపడేది సొన దెబ్బ. తొడిమ తెగిన క్షణంలో సొన ఒత్తిడితో చిమ్ముతుంది. అందులోని నూనె స్వభావం గల పదార్థాలు తొక్కలోకి ఇంకి నల్లని చారలు, మచ్చలు ఏర్పరుస్తాయి. పలుచని తొక్క గల రసం రకాలకు ఈ దెబ్బ మరింత హాని. దెబ్బ తిన్న చోటు నుంచే శిలీంధ్రాలు సులువుగా ప్రవేశిస్తాయి. కర్రతో కొట్టి రాల్చడం, కొమ్మ ఊపడం పూర్తిగా మానవలసిన పద్ధతులు. చిక్కంకర్రకు చిన్న కత్తి అమర్చి తొడిమతో సహా కోసి, నేలకు దించాక 8 నుంచి 10 మిల్లీమీటర్ల తొడిమ ఉంచి కత్తిరించి, ముచ్చిక కిందికి ఉండేలా గడ్డిపైనో, చెక్క పలకల చట్రంపైనో కొంతసేపు బోర్లించాలి. సొన నేలపై కారిపోతుంది. మట్టి నేలపై నేరుగా బోర్లించరాదు; తొడిమ కుళ్ళు కలిగించే శిలీంధ్రాలు మట్టిలోని ఎండిన కొమ్మలు, ఆకుల మీదే బతుకుతాయి. తరువాత మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టాలి.

మాగుడు: గడ్డి, శ్లాబు, వాయువు

వరిగడ్డిలో మాగవేయడం వెనుక రెండు కారణాలున్నాయి. గడ్డి పొరల మధ్య కాయలు విడిచే ఇథిలీన్ కొంతవరకు నిలిచి, పక్క కాయలను కూడా పండిస్తుంది. ఒకదానికొకటి తగిలి ఒత్తుకోకుండా గడ్డి మెత్తలా ఉంటుంది. ముదిరిన కాయలు వేసవిలో నాలుగు నుంచి ఏడు రోజుల్లో ఈ విధంగా పండుతాయి. గడ్డి పొడిగా, బూజు లేకుండా ఉండడం మొదటి నియమం. తడి తగిలిన పాత గడ్డిని వాడితే మాగుడుకు బదులు కుళ్ళు వస్తుంది. రెండు వరుసలకు మించి పేర్చకపోవడం రెండవది.

మూడవది ఉష్ణోగ్రత. దీనిని ఎవరూ నియమంగా చెప్పరు, ఎందుకంటే పూర్వం చెప్పవలసిన అవసరం లేకపోయింది. మామిడి పండడానికి 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ అనువైనది. 30 డిగ్రీలు దాటితే రంగు మచ్చలు మచ్చలుగా తిరుగుతుంది, వాసన ఘాటుగా మారుతుంది. మరీ వేడైతే పండే క్రియ కుంటుపడి, శిలీంధ్రాల పెరుగుదల మాత్రం సాగుతుంది. కోనసీమ మండువా లోగిళ్ళలో, మందపాటి మట్టి గోడల పెంకుటిళ్ళలో కింది గది మూల మే నెలలోనూ బయటి కంటే చల్లగా ఉండేది. ఆ మూలే మాగుడు గది. ఇప్పుడు చాలా ఇళ్ళు శ్లాబు ఇళ్ళయ్యాయి. పండ్లను చూపు తగలని చోట పెట్టాలన్న అలవాటుతో మేడ మీది గదిలోనో, అటక మీదనో గడ్డి పరుస్తున్నారు. పగలంతా ఎండలో కాగిన శ్లాబు కింద అది ఇంట్లో అన్నిటికంటే వేడి చోటు. పద్ధతి పాతదే, గది మారింది. పండు చెడడానికి ఆ మార్పు చాలు. గడ్డిని కింది అంతస్తులో, ఉత్తరపు గోడ వైపు, నేలమీద పరచమని చెప్పడం మన సలహాలో భాగం కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇటుకలు, ఇసుకతో కట్టి నీటితో తడిపే శూన్యశక్తి శీతల గదిని న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించింది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని ప్రతి విద్యార్థీ చదువుతాడు. దాని పని నీరు ఆవిరి కావడంపై ఆధారపడినది, కనుక అది తడిబల్బు ఉష్ణోగ్రత కంటే చల్లబడదు. గాలి 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న పొడి ప్రాంతంలో ఆ హద్దు సుమారు 23 డిగ్రీలు. గాలి 36 డిగ్రీలు, తేమ 60 శాతం ఉన్న తీరప్రాంతంలో అదే హద్దు సుమారు 29 డిగ్రీలు. అంటే ఉత్తర భారతపు వేసవిలో అద్భుతంగా పనిచేసే నిర్మాణం కోనసీమలో కొద్ది డిగ్రీల మేలు మాత్రమే చేసి, అధిక తేమ వల్ల బూజుకు ఆస్కారమిస్తుంది. ఎక్కడో రుజువైన సాంకేతికతను గాలిలోని తేమను చూడకుండా ఇక్కడ సిఫారసు చేయరాదు.

కాల్షియం కార్బైడ్ గురించి విస్తారంగా చెప్పనవసరం లేదు. తేమ తగిలినప్పుడు అది విడిచే ఎసిటిలీన్ తొక్కకు పసుపు రంగు తెస్తుంది. లోపలి గంజి పూర్తిగా మారకముందే పండు పండినట్లు కనిపిస్తుంది. అందులో మలినాలుగా ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాలు ఉంటాయి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దాని వాడకాన్ని నిషేధించాయి. దాని స్థానంలో 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువును వాడేందుకు అనుమతి ఉంది. శాస్త్రీయమైన మాగుడు గదిలో 20 నుంచి 24 డిగ్రీల ఉష్ణోగ్రత, 90 నుంచి 95 శాతం గాలిలో తేమ ఉంచి, 24 నుంచి 48 గంటలు ఇథిలీన్ ఇస్తారు. పండ్లు విడిచే బొగ్గుపులుసు వాయువు ఒక శాతం మించకుండా మధ్యమధ్య గాలి మారుస్తారు. ఇథిఫాన్ ద్రావణంలో కాయలను ముంచడం మాత్రం అనుమతించిన పద్ధతి కాదు. ఈ తేడా రైతులకే కాదు, కొందరు డీలర్లకు కూడా స్పష్టంగా చెప్పవలసి వస్తోంది. పెరటి చెట్టు విషయంలో ఇవేవీ అవసరం లేదు. త్వరగా పండించవలసిన తొందర ఇంటివారికి లేదు. వారి ఇబ్బంది అన్నీ ఒకేసారి పండడం.

ఏ రోజున తినాలి

గడ్డిలో వేసిన మూడవ రోజు నుంచి రోజూ ఒకసారి కాయలను తిరగవేసి చూడాలి. ఈ పని ఇంటి పెద్దావిడలు చేసే తీరును గమనించిన విద్యార్థికి ఇంద్రియాలతో నాణ్యత పరీక్ష ఎలా జరుగుతుందో పాఠం అక్కరలేదు. ముచ్చిక దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కుతారు, ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటారు, నాలుగు కుప్పలు చేస్తారు: ఇవాళ్టికి, రేపటికి, ఎల్లుండికి, ఇంకా గడ్డిలోకి. మచ్చ కనిపించినదాన్ని వెంటనే వేరుచేస్తారు. కుళ్ళిన పండు పక్కవాటికి శిలీంధ్రాన్ని అంటించడమే కాక, ఎక్కువ ఇథిలీన్ విడిచి వాటిని తొందరగా మగ్గేలా చేస్తుంది. ఒక్క రోజు ఈ తనిఖీ తప్పితే గంప మొత్తం లెక్క తప్పుతుంది.

పక్వమైన రసం పండు గది ఉష్ణోగ్రతలో రెండు, మూడు రోజులకు మించి శ్రేష్ఠంగా ఉండదు. మొదటి రోజు పులుపు ఛాయ ఉంటుంది. రెండవ రోజున తీపి, వాసన పూర్తిగా వస్తాయి. ఆ తరువాత ముచ్చిక వైపు నుంచి పులిసిన వాసన మొదలవుతుంది. రెండవ రోజు పండునే అతిథికి పెట్టాలన్నది మా అభిప్రాయం. దీనిపై కోనసీమలో ఏకాభిప్రాయం దొరకదు. కొంచెం పులుపు తగలకపోతే రసం కాదనేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

రిఫ్రిజిరేటరు వాడకంలో ఒక పొరపాటు సర్వసాధారణం. పచ్చికాయనే చల్లని చోట పెడితే నెమ్మదిగా పండుతుందని భావిస్తారు. మామిడి ఉష్ణమండలపు పండు. 12, 13 డిగ్రీల కంటే తక్కువలో ఉంచిన పచ్చికాయకు శీతల గాయం అవుతుంది. తొక్క బూడిదరంగు తిరిగి గుంటలు పడుతుంది, తరువాత బయట పెట్టినా సరిగా పండదు, వాసన రాదు. పూర్తిగా పండిన పండు ఈ చలిని మెరుగ్గా తట్టుకుంటుంది. కనుక ముందు పండించి, పండిన తరువాత మాత్రమే రెండు, మూడు రోజులు రిఫ్రిజిరేటరులో ఉంచాలి. చలికి పాడయ్యే పండు మామిడి ఒక్కటే కాదు. శీతల కొండ ప్రాంతాల్లో పండే పీచ్ పండును కూడా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఎక్కువ రోజులు ఉంచితే గుజ్జు పిండిలా మారి రసం పోతుంది. సున్నా డిగ్రీల దగ్గర అంతకంటే బాగా నిలుస్తుంది. ఏ పండుకు ఎంత చలి అన్నది ఆ పండును అడిగి తెలుసుకోవలసిందే.

తినడానికి ముందు పండ్లను అరగంట చల్లని నీటిలో వేసే ఇంటి ఆచారానికి సమర్థన ఉంది. తొక్కపై ఎండిన సొన కొంత వదులుతుంది, పండు లోపలి వేడి తగ్గుతుంది. పండును అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక తొలగించి, మొదటి చుక్కలు పిండేసి, ఆ తరువాత జుర్రుకోవడంలోనూ అర్థముంది. ముచ్చిక దగ్గరి సొన పెదవులను పొక్కిస్తుంది. పెరుగన్నంలో పిండుకున్న రసం గురించి ఈ పత్రికలో వర్ణన అనవసరం.

మచ్చ ఎక్కడి నుంచి వచ్చింది

చెట్టు నుంచి దించినప్పుడు నిగనిగలాడిన కాయ, పండేసరికి నల్లమచ్చలతో నిండిపోవడం ఇంటివారికి అంతుపట్టని విషయం. గడ్డిలో చెడిందని వారు అనుకుంటారు. నిజానికి పక్షికన్ను తెగులు కలిగించే కొలెటోట్రైకమ్ శిలీంధ్రం పిందె దశలోనే తొక్కపై చేరి, పైపొర కింద నిద్రాణంగా ఉండిపోతుంది. పచ్చికాయ తొక్కలో రిసార్సినాల్ జాతికి చెందిన సహజ శిలీంధ్రనాశక పదార్థాలుంటాయి; అవి ఉన్నంత కాలం శిలీంధ్రం ముందుకు సాగదు. కాయ పండేకొద్దీ వాటి పరిమాణం తగ్గుతుంది, శిలీంధ్రం మేల్కొంటుంది. అంటే మే నెలలో కనిపించిన మచ్చకు బీజం పూత, పిందె సమయంలోని పొగమంచు, వర్షాల్లో పడింది. ఎండుపుల్లలు తీసివేయడం, కొమ్మల మధ్య గాలి ఆడేలా చూడడం, పూత దశలో సిఫారసు చేసిన రక్షణ చేపట్టడం ఇందుకే.

దించిన తరువాత 52 డిగ్రీల నీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచితే ఈ నిద్రాణ శిలీంధ్రం చాలావరకు అదుపులోకి వస్తుంది. దించిన ఒకటి రెండు రోజుల్లోపు చేయాలి. ఉష్ణమాపకం లేకుండా అంచనాతో చేయరాదు: 48 డిగ్రీల్లో ఉపయోగం తక్కువ, 56 డిగ్రీల్లో తొక్క ఉడుకుతుంది. ఊరికి ఒక రైతు సంఘమో, స్వయం సహాయక బృందమో తొట్టి, ఉష్ణమాపకం సమకూర్చుకుంటే వీధికంతటికీ సరిపోతుంది. కాయలను ముంచే క్షణంలో నీరు చల్లబడుతుంది కనుక కాయల కంటే నీరు చాలా ఎక్కువగా ఉండాలన్న సంగతి కూడా చెప్పి చేయించాలి.

పండు ఈగ సంగతి వేరు. తల్లి ఈగ ముదురుతున్న కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో పురుగులు బయటికి వచ్చి వారం, పది రోజులు గుజ్జు తిని పెరుగుతాయి. గడ్డిలో మాగే కాలం కూడా సరిగ్గా అంతే. దించిన రోజున చిన్న పోటు గుర్తు మాత్రమే ఉన్న కాయ, తినే రోజున పురుగులతో తెరుచుకోవడానికి కారణం ఇదే. మృగశిర కార్తె ప్రవేశించాక పండు తినరాదన్న పెద్దల మాటకు ఆధారం ఇక్కడుంది. జూన్ మొదటి వారం దాటి తొలకరి తేమ వచ్చేసరికి ఈగల సంఖ్య బాగా పెరిగి ఉంటుంది. మిథైల్ యూజినాల్ ఎరలు మగ ఈగలను పట్టి సంతతిని తగ్గిస్తాయి. కాని ఒక్క పెరటిలో కట్టిన ఎర పక్కపెరటి ఈగను ఆపలేదు, వీధి మొత్తం కట్టాలి. అంతకంటే ముఖ్యం రాలిన కాయలను రోజూ ఏరి రెండడుగుల లోతున పూడ్చడం. చెట్టు కింద వదిలేసిన ప్రతి కాయ నుంచి పురుగులు మట్టిలోకి దిగి కోశస్థ దశకు చేరి, మళ్ళీ ఈగలై చెట్టెక్కుతాయి.

ఆత్రేయపురం సమాధానం

ఎంత విడతలుగా దించినా మంచి కాపు ఏట మిగులు తప్పదు. ఆ మిగులుకు ఈ ప్రాంతం తరతరాల కిందటే ఒక జవాబు కనిపెట్టింది. కొత్తపేటకు సమీపంలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు పొందింది; అదే ఊరు మామిడి తాండ్రకూ పేరెన్నికగన్నది. పండ్ల రసం పిండి, పీచు వడకట్టి, పంచదార లేదా బెల్లం కలిపి, చాపలపై పలుచగా పోసి ఎండబెడతారు. ఒక పొర ఆరిన తరువాత దానిపై మరో పొర. కావలసిన మందం వచ్చేవరకు రోజుల తరబడి ఇదే పని. చివరకు తేమ 15 నుంచి 20 శాతానికి తగ్గి, చక్కెర గాఢత పెరిగి, సూక్ష్మజీవులకు వాడుకోదగిన నీరు లేకుండా పోతుంది.

ఈ పనిలో ప్రమాదం అంతా ఆకాశంలో ఉంది. మే నెలలో సాయంత్రపు గాలివాన కోనసీమలో అసాధారణం కాదు. సగం ఆరిన పొరపై జల్లు పడితే రాత్రికే పులుస్తుంది. ఎండబెట్టే సమయంలో ఈగలు, దుమ్ము మరో సమస్య. 55 నుంచి 60 డిగ్రీల వద్ద పనిచేసే సౌర లేదా విద్యుత్ ఆరబెట్టు యంత్రాలు ఈ రెండిటినీ తప్పిస్తాయి. ఎండబెట్టే ముందు రసాన్ని 80 డిగ్రీలకు పైగా కొద్ది నిమిషాలు వేడిచేస్తే రంగు నల్లబరిచే ఎంజైములు, ఈస్టులు నశిస్తాయి. పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపిన సరుకైతే ఆ సంగతి పొట్లంపై ముద్రించాలి. ఇంటి వాడకానికి అది అవసరం లేదు. యంత్రంలో ఆరిన తాండ్రకు చాప మీద ఎండిన తాండ్ర రుచి రాదని తయారీదారులు అంటారు. ఎండలో నెమ్మదిగా జరిగే మార్పులను యంత్రం తొందరపెడుతుంది కనుక ఆ అభిప్రాయాన్ని కొట్టివేయడం కంటే, రెండు పద్ధతుల తాండ్రను పక్కపక్కన రుచి చూపి నమోదు చేయడం విద్యార్థులకు మంచి పరిశోధనాంశం.

తాండ్రకు కూడా పక్వమైన మంచి పండే కావాలి. చెడడం మొదలైన పండును తాండ్రలో కలిపితే ఆ పులిసిన వాసన పొరలన్నిటిలోనూ నిలుస్తుంది. మాగుడు తనిఖీలో ఎల్లుండికి తినలేమని తేలిన కుప్పను ఇవాళే రసం తీయడం అసలు రహస్యం. రెండు గంపల మిగులున్న ఇల్లు స్వయంగా తాండ్ర పోయలేకపోతే రసాన్ని మరిగించి, చల్లార్చి, గాలి చొరని డబ్బాల్లో మైనస్ 18 డిగ్రీల వద్ద గడ్డకట్టించి ఉంచుకోవచ్చు.

కాపు అయిపోయిన తరువాత

విడతల దింపు సాధ్యం కావాలంటే చెట్టు చేతికందాలి. కాపు ముగిసిన వెంటనే, జూలై, ఆగస్టుల్లో, చెట్టు నడిమి నిలువు కొమ్మలను తొలగించి మధ్యభాగం తెరిస్తే వెలుతురు లోపలికి వస్తుంది. ఎత్తును రెండు మూడేళ్ళలో క్రమంగా తగ్గించవచ్చు. ఒకేసారి నెత్తి నరికితే రెండేళ్ళ కాపు పోతుంది, ఇంటివారు మళ్ళీ కత్తిరింపు మాట వినరు. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి.

ఇంకొక పని కూడా ఇదే సమయంలో ఉంది. పెరటి రసాల్లో చాలా చెట్లు వయసు మళ్ళినవి. ఇల్లు పెంచినప్పుడో, రోడ్డు వెడల్పు చేసినప్పుడో ఒక్కొక్కటి నేలకొరుగుతున్నాయి. మన మామిడి రకాలు ఎక్కువగా ఏకపిండ విత్తనం గలవి. టెంక పాతితే తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అంటు ఒక్కటే మార్గం. మూడు, నాలుగు నెలల వయసున్న ఆరోగ్యవంతమైన కొమ్మను ఎంచి, వారం పది రోజుల ముందే ఆకులు తుంచి, మొగ్గ ఉబ్బిన దశలో కోసి, తడి గుడ్డలో చుట్టి తీసుకువెళితే గౌతమి అవతలి కడియం నర్సరీల్లో వెనీర్ అంటు కట్టి ఇచ్చేవారున్నారు. కొమ్మతో పాటు మూడు వివరాలు రాసి ఇవ్వాలి: చెట్టున్న వీధి, కాయ ముదిరే వారం, పండిన తరువాత ఎన్ని రోజులు నిలిచింది. పేరు లేని నాటు రసానికి ఈ మూడు వివరాలే పేరుగా పనిచేస్తాయి.